వంటింటి నక్షత్రం

ఇటు దగ్గరికి జరుగు ఎవాంజెలిన్. ఆ కుర్చీలో కాదు, ఈ పీట మీద కూర్చో, నా గొంతు వీధిలోకి పోకూడదు. తలుపు దగ్గరగా వెయ్యి. పూర్తిగా వద్దు, పాలవాడు వస్తే వినపడాలి. ఆ, ఇప్పుడు చెప్తాను.

మొన్న అడిగావు కదా, ఈ వీధిలో క్రైస్తవుల ఇళ్లన్నిటికీ నక్షత్రం వాకిట్లో వెలుగుతుంటే మీ ఇంట్లో మాత్రం వంటింట్లో, గ్యాసు పొయ్యి పక్కన ఎందుకు వేలాడుతోంది అమ్మమ్మా అని. నవ్వుతూ అడిగావు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నువ్వు వెళ్లాక మా బ్లెస్సీ ముఖం చూశాను. చెప్పకపోతే నువ్వు ఇంకో పదిమందిని అడుగుతావు, అది ఇంకా ప్రమాదం. అందుకే చెప్తున్నాను.

ఇది కొత్తగూడలో జరిగింది. కొత్తగూడ అనే అనుకో. ఒక క్రిస్మస్ కాలం కథ.

బ్లెస్సీ నా కూతురి కూతురు. దాని తల్లి గ్రేస్ మస్కట్‌లో నర్సు కాబట్టి దాన్ని పెంచింది నేనే. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. పెళ్లి కూడా మంచి చోటే చేశామని అందరూ అన్నారు. ఆ ఏడు వానలు వెనకపడుతున్న రోజుల్లో ఒక్క సంచీతో భర్త ఇంటి నుంచి వచ్చేసింది. కుడిచేతి చిటికెన వేలు సరిగ్గా వంగడం లేదు. ఏమైందని నేను అడగలేదు, అది చెప్పలేదు. గ్లాసు అందుకున్నప్పుడల్లా ఆ వేలు ఒక్కటీ పక్కకు నిలబడేది. చెప్పవలసిందంతా అదే చెప్పింది.

అతని పేరు జాన్సన్. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మందిరంలో పాటలు ఎత్తేది అతనే. అండి లేకుండా మాట ఉండదు. ఠాణాకు వెళ్తే అక్కడ ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దుకుపొమ్మన్నారు. అతను అందరి ముందూ ఏడ్చాడు. ఏడ్చిన మగవాణ్ని చూసి అందరూ కరిగిపోయారు. సంఘంలో పెద్దలు కూడా బ్లెస్సీ తల మీద చెయ్యి పెట్టి, వెళ్లమ్మా అన్నారు. అది వెళ్లలేదు. శేరిలింగంపల్లిలో నా రెండు గదుల ఇల్లు అతనికి తెలుసు. అందుకని ఆ ఇంటికి తాళం పెట్టి, దాని ఆఫీసు స్నేహితురాలు కావ్య చూపించిన ఫ్లాటు కిరాయికి తీసుకుని ఇద్దరం దాక్కున్నాం. నాలుగో అంతస్తు. కిటికీలకు తెరల మీద దుప్పట్లు, దుప్పట్ల మీద అట్టలు.

ఇంట్లోంచే పని చేసుకోమని ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. మధ్యాహ్నం దాటాక దాని పని మొదలయ్యేది. పొద్దున పూట ఒక ఆట ఆడేది. కావ్య తన ఇంట్లో కూర్చుని ఆడుతుంది, ఇది మా ఇంట్లో కూర్చుని ఆడుతుంది, ఇద్దరూ ఆ తెరలోపల ఒకే ఊళ్లో ఉంటారు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ చూసేదాన్ని.

"ఏందే ఇది, అంత చీకటే కనబడుతుంది?"

"రాత్రి అమ్మమ్మా. ఆట లోపల రాత్రి."

"బయట పొద్దెక్కింది. నీ రాత్రి ఎప్పుడు తెల్లారుతది?"

కంప్యూటర్‌లోంచి కావ్య గొంతు వచ్చింది. "అమ్మమ్మా, జర మెల్లగ! అవి ఇంటయి."

"ఎవరే ఇనేది?"

"జాంబీలు."

"నా మాటలు ఇని వస్తయా?"

"నీ మాటలకు ఎవరన్న వస్తరు అమ్మమ్మా. వచ్చినోళ్లు మళ్ల లేవరు, గంతే," అంది కావ్య. బ్లెస్సీ నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు కోసం నేను ఆ ఆట రోజూ చూశాను.

చచ్చినవాళ్లు లేచి తిరిగే ఊరు అది. పాపం, అందరూ నిన్నటిదాకా పక్కింటివాళ్లే. చొక్కా గుండీలు కూడా సరిగ్గా ఉంటాయి, చూపే వేరు. వీళ్లిద్దరూ ఊరి చివర పాడుబడ్డ పెట్రోలు బంకులో ఒక గది చూసుకుని బాగు చేసుకున్నారు. దాన్ని బేస్ అంటారు. పేరు ఏదైతేనేం, ఇల్లే. రాత్రయితే లోపల దీపం కావాలి. దీపం లేకపోతే గాయానికి కట్టు కట్టుకోలేరు, వండుకోలేరు, చీకట్లో కూర్చుని కూర్చుని ఆ బొమ్మ మనిషికి కూడా దిగులు పట్టి చేతులు వణుకుతాయి. దీపం పెడితేనో, వెలుగు కిటికీలోంచి బయట పడుతుంది, అది చూసి అవి వస్తాయి. ఒకటి వస్తే దాని వెనక పది. ఎందుకు వస్తున్నాయో వాటికీ తెలియదు.

అందుకని బ్లెస్సీ కిటికీలకు చెక్కలు కొట్టేది. దీపాన్ని బల్ల మీద పెట్టదు, కిటికీ లేని లోపలి గదిలో నేల మీద పెడుతుంది. నేల మీద ఉంటే వెలుగు ఎక్కువ దూరం పోదట. అంతా అయ్యాక తలుపు తీసుకుని బయటికి వెళ్లి, రోడ్డు మీద నిలబడి, తన ఇంటినే దొంగలాగా తేరిపార చూసేది. ఎక్కడైనా సందులోంచి వెలుగు గీత కనిపిస్తే మళ్లీ లోపలికొచ్చి ఆ సందు మూసేది.

"లోపలుండి చూస్తే తెల్వదు అమ్మమ్మా. మన దీపం ఎంత కనబడుతుందో బయటికి పోయి చూడాలె."

నాకు ఆ మాట పట్టుకుంది. ఆ సాయంత్రం నేను మెట్లు దిగి వీధిలోకి వెళ్లి, మెడ వెనక్కి వంచి మా ఫ్లాటు చూశాను. అన్ని కిటికీలూ చచ్చినట్టు ఉన్నాయి గానీ, వంటింటి ఫ్యాను కన్నంలోంచి పచ్చటి వెలుగు రూపాయి బిళ్లంత పడుతోంది.

వాచ్‌మన్ మహేందర్ గేటు దగ్గర నుంచి అరిచాడు. "ఏందమ్మా, మీద ఏం జూస్తున్నవ్? ఆరేసిన బట్ట కింద పడ్డదా?"

"ఏంలేదు బిడ్డా, మెడ పట్టింది, వంచి చూస్తున్న."

పైకి వచ్చి ఆ కన్నంలో పాత లంగా కుక్కాను.

నవంబరు చివరికి వచ్చింది. వీధిలో కొట్ల ముందు కాగితపు నక్షత్రాలు వేలాడదీశారు, ఎరుపువి, పచ్చవి, మెరుపు చుక్కలవి. నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయన జ్ఞానప్రకాశం ఉన్నన్నాళ్లూ కొన్న నక్షత్రం మా ఇంటికి రాలేదు. వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురు ఉడకబెట్టి, తనే కట్టేవాడు. అందరివీ ఐదు కొమ్ములైతే ఆయనది ఏడు, ఒక పక్కకు పొడుగాటి తోక. తూర్పుదేశపు జ్ఞానులు చూసిన చుక్కకు తోక ఉండేదా అని పాస్టరుగారు అడిగితే, లేదని మీరు చూశారా అనేవాడు. ఆయన పోయాక కూడా ఏటేటా కాగితం మార్చి ఆ బద్దలే కట్టాను. డిసెంబరు మొదటి సాయంత్రానికి నక్షత్రం ఎక్కని ఇల్లు నా లెక్కలో ఇల్లు కాదు. పాటలు పాడేవాళ్లు ఏ ఇంటికి రావాలో దాన్ని చూసే వస్తారు.

"చిన్నది కడదామె. బాల్కనీల కాదు, మూలకు," అన్నాను.

"వద్దు అమ్మమ్మా."

"దేవుని పేరు మీద కట్టేదానికి భయమెందుకే?"

"దేవునికి భయపడ్తలేను." అది కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. ఆ వేలు ఒక్కటీ గాలిలో నిలబడి ఉంది. "నువ్వు స్టార్ కట్టకుంట ఉండవని జాన్సన్‌కు తెలుసు. పెండ్లయిన కొత్తల నిచ్చెనెక్కి కట్టింది ఆయనే గదా."

నేను కాసేపు అలిగాను. ఆ తర్వాత కొట్లోంచి అరచేతంత నక్షత్రం తెచ్చి, కిటికీ లేని స్నానాల గదిలో మేకుకు తగిలించాను. బ్లెస్సీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాత్రూంల స్టార్ కట్టినవా!"

"ఏమైతది? ప్రభువు పుట్టింది పశువుల కొట్టంల. దానికంటె ఇది సాఫ్ ఉన్నది."

అది నవ్వి, నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

డిసెంబరు మొదటి వారం ఇంకా గడవలేదు, మహేందర్ నీళ్ల డబ్బా పైకి తెచ్చి గుమ్మంలో ఆగాడు.

"అమ్మా, ఒకటి అడుగుత, ఏం అనుకోవద్దు. మీరు క్రిస్టియన్లా?"

"ఎందుకు బిడ్డా?" అన్నాను.

"మన సందు మొదట్ల చాయ్ డబ్బా కాడ ఒకాయన కూసుంటున్నడు. పొద్దుగాల వస్తే చీకటయ్యేదాక ఆడనే. మంచోడే, అండి అండి అంటడు. నాకు చాయ్ కూడ తాపిండు. ఈ సందుల స్టార్ కట్టిన ఫ్లాట్లు ఎన్నున్నయండీ అని అడిగిండు. మీ ఇంటికి స్టార్ లేదాయె, నాకు మీరు గుర్తుకే రాలె. రెండో అంతస్తు గుంటూరోళ్లను చూపించిన. పోయి తలుపు కొట్టి, చూసి, సారీ అండి అని దిగిపోయిండు."

"మళ్ల అడిగితే?"

మహేందర్ నా ముఖం చూశాడు. తర్వాత నా వెనక నిలబడ్డ బ్లెస్సీని, దాని చేతిని చూశాడు. "నాల్గో అంతస్తు ఖాళీ అమ్మా. కిరాయికి ఎవ్వరు దిగలే," అని డబ్బా పెట్టి వెళ్లిపోయాడు.

కొత్తగూడ దాకా ఎట్లా వచ్చాడో తెలియదు. ఆఫీసులో ఎవరో ఒకరు నోరు జారి ఉంటారు. ఇంట్లో మిగిలిన కాస్త వెలుగూ ఆ రోజుతో పోయింది. బ్లెస్సీ వంటింట్లో బల్బు కూడా వెయ్యనిచ్చేది కాదు. ఫోను వెలుతురులో అన్నం తిన్నాం. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. దానికి వేరే ఊరి ఆఫీసుకు బదిలీ వచ్చింది. అడిగి వేయించుకున్నదే. కొత్త సంవత్సరానికి ముందే చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది, ఉద్యోగం పోతే ఇది ఎవరి గుమ్మంలో నిలబడాలో అందరికీ తెలుసు. కానీ మా సందుకు దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో చాయ్ డబ్బా, డబ్బా ముందు బండి, బండి మీద అతను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆటలో కూడా ఆపద వచ్చింది. బ్లెస్సీ ధ్యాస తప్పి చెక్క ఒకటి సరిగ్గా పడలేదు. సందులోంచి వెలుగు పోయింది. అవి వచ్చాయి. తలుపు మీద చేతులు, కిటికీ మీద చేతులు, ఎక్కడ చూసినా చేతులే. బ్లెస్సీ కళ్లు మూసుకుంది. మీటల మీద నుంచి చేతులు తీసేసింది.

"బ్లెస్సీ, కదలకు. అట్లనే ఉండు," అంది కావ్య. తన బొమ్మను వెనక దారిన బయటికి పంపింది. రోడ్డుకు ఆ చివర నీళ్ల ట్యాంకు ఉంది. దాని కింద ఒక దీపం పెట్టి, పెద్దది, వెలిగించి, వంగి వంగి పారిపోయి వచ్చింది. తలుపు మీద చేతులు ఒక్కొక్కటే ఆగాయి. అవన్నీ అటు తిరిగాయి. నడుచుకుంటూ పోయి ఆ దీపం చుట్టూ నిలబడ్డాయి. అక్కడ మనిషి లేడు, తిండి లేదు, వట్టి వెలుగు. అయినా నిలబడ్డాయి.

"ఎంతసేపుంటయి అట్ల?" అని అడిగాను.

"దీపం ఉన్నంతసేపు," అంది బ్లెస్సీ. కళ్లు తెరిచింది. "మనం ఇటు నుంచి పోవచ్చు. కానీ ఆడ పెట్టిన దీపం మళ్ల మనకు దొర్కదు అమ్మమ్మా. తొక్కి పారేస్తయి."

నా చేతిలో వలుస్తున్న చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

మర్నాడు తలమీద కొంగు కప్పుకుని, గుంటూరువాళ్ల పనిమనిషితో కలిసి కూరగాయల సంచీ పట్టుకుని సందు దాటాను. అతను ఫోను చూసుకుంటున్నాడు. ఆటో ఎక్కి శేరిలింగంపల్లి వెళ్లాను. నా ఇంటి తాళం తీసి, అటక మీద నుంచి జ్ఞానప్రకాశం బద్దలు దింపి, ఎర్ర కాగితం అంటించడం మొదలుపెట్టాను. పక్కింటి రుక్కమ్మ పసుపు చేతులతోనే వచ్చింది. మేమిద్దరం ఆ వీధిలోకి కోడళ్లుగా వచ్చినప్పటి నుంచి వదినా అంటే వదినా.

"పుణ్యవతి వదినా! చెప్పకుంట పోయినవ్, చెప్పకుంట వచ్చినవ్. ఉంటవా మరి?"

"ఉండ."

"ఉండకుంటె చుక్క ఎందుకు?"

"ఉన్నట్టు ఉండాలె. రోజు దీపాలు పెట్టే యాళ్లకు నువ్వు వాకిట్ల స్విచ్చి వెయ్యాలె వదినా. బ్లెస్సీ పచ్చ చున్నీ ఒకటి దండెం మీద ఆరేసి పోత. అది తియ్యకు."

రుక్కమ్మ చున్నీని చూసింది, నన్ను చూసింది. ఆమెకు విడమరచి చెప్పనక్కర్లేదు. "వాడు వస్తడా?"

"వస్తడు."

"రానియ్యి. నా రోకలి ఇంక ఇర్గలే."

పాటల బృందం మా వీధికి ఎప్పుడు వస్తుందో అక్కడే అడిగి తెలుసుకున్నాను. మా ఇంటికి చుక్క ఎక్కిందంటే ఆ మాట అతని చెవిన పడక మానదు. రెండు రోజులు పోయాక రుక్కమ్మ ఫోను చేసింది. "వచ్చిండు వదినా. ఎదురుంగ బండి ఆపి కూసున్నడు. మీవోళ్లు ఎప్పుడొస్తరు అని అడిగిండు. ఇల్లు దులుపుమన్నరు, వస్తరు అన్న." ఆ పొద్దున మహేందర్ కూడా చెప్పాడు, చాయ్ డబ్బా కాడ ఆయన కనపడలేదమ్మా అని.

బ్లెస్సీకి అప్పుడు చెప్పాను. అది నా మీద ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

"నిన్ను ఆడ కూసోబెట్టి నేను పారిపోవాల్నా? నీకేమన్న అయితే?"

"ఎవ్వరు రాకుంటె ఉట్టి చుక్కను చూసి ఎన్ని దినాలుంటడె? మళ్ల ఇటే వస్తడు. నేను పోతే నువ్వు కూడ ఆడనే ఉన్నవనుకుంటడు. పాటలోళ్లు వచ్చే దినం పోత. అందరి నడుమ నన్నేం జేస్తడు?"

"అందరు పోయినంక?"

"రుక్కమ్మ ఉంది," అన్నాను. అది నా ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు పడుకుంది. తర్వాత లేచి సంచీ సర్దుకుంది. వచ్చినప్పటి సంచీయే.

పాటలవాళ్లు వచ్చే సాయంత్రమే అది ఊరి బయట బస్సు ఎక్కాలి. కావ్య కారు తెస్తానంది. బస్సు కదిలి ఇక భయం లేదనుకున్నాక నా ఫోనుకు రింగు ఇచ్చి కట్ చెయ్యమన్నాను.

నేను శేరిలింగంపల్లి ఇంటికి పొద్దు వాలుతుండగా చేరాను. అతను ఎదురుగానే ఉన్నాడు. చూడనట్టే వెళ్లి తాళం తీశాను. లోపలి గదిలో బల్బు వేసి, ఆ గది తలుపు దగ్గరికి మూశాను. తలుపు కింది నుంచి వెలుగు గీత ముందు గదిలోకి బాగా పడేట్టు చూసుకున్నాను. అన్నాళ్లూ వెలుగును దాచడం నేర్చుకున్నదాన్ని కదా, చూపించడం ఎంతసేపు?

అతను రోడ్డు దాటుతుండగానే డప్పు చప్పుడు వినిపించింది. పాటల పిల్లలు వీధి మొదట్లోంచి ఏడు కొమ్ముల నక్షత్రాన్ని చూసి నేరుగా మా ఇంటికే వస్తున్నారు. ముందు నడుస్తున్నవాడు బెన్నీ, యువజనుల నాయకుడు.

"జాన్సన్ అన్నా! నువ్విక్కడున్నవా? నెల సంది మందిరంల లేవు. దా, గిటార్ పట్టు!"

గిటారు అతని చేతిలో పెట్టేశారు. అందరి మధ్యలో అతను గుమ్మం దాటాడు. వంగి నా పాదాలు తాకాడు.

"బాగున్నారా అమ్మమ్మగారండీ? బ్లెస్సీ కనపడట్లేదండీ?" అన్నాడు నవ్వుతూ. కళ్లు మాత్రం తలుపు కింది గీత మీద ఉన్నాయి.

"ముందు పాట గానియ్యి నాయనా. పిల్లలు చలిల తిరిగొచ్చిన్రు," అన్నాను.

పాడాడు. ఏం చెప్పను, ఆ గొంతులో ఏ తప్పూ లేదు. పిల్లలు చప్పట్లు కొడుతుంటే కళ్లు మూసుకుని పాడాడు. వాకిట్లో రుక్కమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని వింది. రెండు పాటలయ్యాయి. కేకు ముక్కలు పంచాను. చాయ్ ఇచ్చాను. ఫోను మోగలేదు. బెన్నీ, ప్రార్థన చేసుకుని వెళ్దాం అమ్మమ్మా అన్నాడు.

"ఆగు బిడ్డా. సాక్ష్యం చెప్త," అన్నాను.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా సాక్ష్యం సంగతి ఆ సంఘంలో తెలియనివాళ్లు లేరు. "అమ్మమ్మా, జర షార్ట్‌గ. ఇంక శానా ఇండ్లున్నయి," అన్నాడు బెన్నీ. కానీ దేవుడు చేసిన మేలు చెప్తుంటే మధ్యలో లేచి పోకూడదు. అది మాలో ఎవరూ చెయ్యరు. జాన్సన్ అసలే చెయ్యడు, అందరూ చూస్తుండగా.

మొదలుపెట్టాను. నేను పుట్టిన ఏడు వాన రాని సంగతి. మా నాయన బర్రెను తోలుకుని నడిచిన దారి, ఆ బర్రె కొమ్ము విరిగిన వైనం. జ్ఞానప్రకాశం నన్ను చూడటానికి వచ్చినప్పుడు తెచ్చిన గొడుగు, అది ఎవరి దగ్గర అడిగి తెచ్చాడో, మళ్లీ ఎందుకు ఇవ్వలేదో. ఏదీ వదల్లేదు. పిల్లలు గోడలకు ఆనుకున్నారు. ఒకడు ఆవలించాడు. జాన్సన్ ఒకసారి కాలు కదిపి లేవబోయాడు. బెన్నీ అతని మోకాలి మీద చెయ్యి వేసి, "అన్నా, సాక్ష్యం నడుస్తుంది," అని గుసగుసలాడాడు. అతను కూర్చున్నాడు. గిటారు తీగ మీద అతని వేలు తెల్లబడటం నాకు కనిపించింది. నేను మా ఇంటి బావి సంగతి ఎత్తుకున్నాను. లేగదూడ బావిలో పడింది, నేను చిన్నపిల్లను, ఇంట్లో ఎవరూ లేరు, మెట్లకు పాచి. పైనుంచి చూస్తే దాని కళ్లు రెండూ నీళ్లలో...

నడుమున దోపుకున్న ఫోను మోగింది. మోగి ఆగిపోయింది.

"ఆమెన్," అన్నాను.

అందరూ తలలెత్తారు. బెన్నీకి అర్థం కాలేదు. "అదేంది అమ్మమ్మా? దూడ ఏమైంది?"

"బతికింది బిడ్డా," అన్నాను.

పిల్లలు వెళ్లిపోయారు. డప్పు చప్పుడు వీధి మలుపు తిరిగింది. జాన్సన్ గిటారు తిరిగి ఇచ్చేసి, ఉండిపోయాడు. లోపలి గది తలుపు వేళ్లతో నెట్టాడు. వెలుగుతున్న బల్బు, ఖాళీ మంచం, ఒక దిండు. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత స్విచ్చి తీసేశాడు, ఇంట్లో మనిషి చేసినట్టు, జాగ్రత్తగా.

బయటికి వచ్చి వాకిట్లో ఆగాడు. చేతులెత్తి నక్షత్రాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు, చంటిపిల్ల ముఖం పట్టుకున్నట్టు. మెల్లగా నొక్కాడు. బద్దలు ఒక్కొక్కటే విరిగిన చప్పుడు. ఆ చప్పుడుకు నా చిటికెన వేలు దానంతట అదే ముడుచుకుంది. నలిగిన కాగితం లోపల బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

"మీ సాక్ష్యం చాలా బాగుందండీ," అన్నాడు. "ఎక్కడున్నా మీరు నక్షత్రం కట్టకుండా ఉండలేరు కదండీ. చూసుకుంటూ వస్తాను."

బండి వెళ్లిపోయింది. రుక్కమ్మ గోడ వెనక నుంచి వచ్చింది. చేతిలో రోకలి ఉంది. దాన్ని గోడకు ఆనించి, "అన్నం తిన్నవా వదినా?" అంది. తినలేదన్నాను. తాళంచెవి ఆమె చేతిలోనే పెట్టాను. ఆ ఇంట్లో నేను పడుకోవడం ఆ రాత్రితో ఆఖరు.

నేను ఇక్కడికి ఎన్ని బళ్లు మారి వచ్చానో నీకెందుకులే. విరిగినవాటిలో ఒక్క బద్ద బాగుంది. మిగతావి ఇక్కడ కొన్నాను. కాగితం బ్లెస్సీ అంటించింది, కొమ్ములు ఏడే. వీధి వైపు కిటికీ లేనిది మా వంటిల్లు ఒక్కటే, అందుకే అది అక్కడుంది. ఇప్పటికీ రోజూ దీపాలు పెట్టే వేళకు బ్లెస్సీ బయటికి వెళ్లి, రోడ్డు అవతల నిలబడి, మా ఇంటిని చూస్తుంది. నువ్వు చూసే ఉంటావు, గాలికి నిలబడింది అనుకుని ఉంటావు. లోపలికి వచ్చి, "కనబడ్తలేదు అమ్మమ్మా" అంటుంది. ఆ మాట విన్నాకే నాకు ముద్ద దిగుతుంది. అక్కడ రుక్కమ్మ మాత్రం నా ఇంటి వాకిట్లో బల్బు రోజూ వేస్తూనే ఉంది. మొన్న ఎవరో బండి ఆపి చూసి పోయారట. ఎవరని నేను అడగలేదు.

ఇదమ్మా సంగతి. ఇది గుర్తు పెట్టుకో ఎవాంజెలిన్. నేను ఎన్నాళ్లుంటానో తెలియదు. ఏదో ఒక రోజు ఎవరో ఒక పిల్ల ఒక్క సంచీతో నీ గుమ్మంలో నిలబడుతుంది. ఏమైందని అడగకు. ముందు అన్నం పెట్టు, తర్వాత ఈ కథ చెప్పు. నీళ్ల ట్యాంకు కింద దీపం సంగతి చెప్పు, మహేందర్ సంగతి చెప్పు, దూడ బతికిందని చెప్పు. పేర్లు మార్చి చెప్పు. ఇది ఏ ఊళ్లో జరిగిందని అడిగితే, ఆ క్షణాన నోటికి ఏ ఊరు వస్తే ఆ ఊరు చెప్పు.

నేను కొత్తగూడ అన్నాను చూడు, అట్లా.